పద్నాలుగో నంబరు ఇంట్లో నిట్టూర్పు

ఆ కాలనీలో పదమూడో నంబరు ఇంటి తరవాత పదిహేనే అన్నట్టు నడిచిపోతారు అందరూ. మధ్యలో ఒక ఇల్లుందని ఎవరూ ఒప్పుకోరు. పిల్లల బంతి ఆ గోడవతల పడిందంటే ఇంట్లో ఏడ్చి కొత్త బంతి కొనిపించుకుంటారు కానీ వెళ్ళి తెచ్చుకోరు. పాలవాడు ఆ గేటు దగ్గరికొచ్చేసరికి సైకిలు ఇంకాస్త గట్టిగా తొక్కుతాడు.

ఆ ఇల్లు కట్టించుకున్నావిడ అందులో ఒక్క రాత్రి కూడా పడుకోలేదట. దగ్గరుండి రంగులు వేయించింది. మేడమీద గదికి ముచ్చటపడి నీలం కిటికీ పెట్టించింది. రేపు సామాన్లు దించుతారనగా ఇవాళ... పోయింది. వారసులు కోర్టులో కొట్టుకుంటున్నారు. ఇంటికి తాళం పడింది. ఆ తాళంచెవుల గుత్తి కాలనీ సెక్రటరీ గారింటి హాల్లో, గోడకి కొట్టిన చెక్కకి వేలాడుతూ ఉంటుంది.

తాళం వేసిన ఆ ఇంట్లో — రాత్రి ఒంటిగంట దాటాక తెల్లగా ఏదో కదులుతుందని ఒకరన్నారు. మేడమీది నీలం కిటికీ ఒక రాత్రి మూసి, ఒక రాత్రి తెరిచి ఉంటుందని ఇంకొకరన్నారు. ఈ రెండూ మేమూ చూశామని చెప్పుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. మూడోది మాత్రం ఒక్కడికే వినిపించింది.

అదే... నిట్టూర్పు.

విన్నవాడు ఆ కాలనీ రాత్రి కాపలావాడు. యాభై దాటిన మనిషి. అతని అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. ఈల వేసుకుంటూ తిరుగుతాడు కాబట్టి చిన్నా పెద్దా అందరూ ‘ఈలాయన’ అనేవారు. అతను కాలనీలో అడుగుపెట్టేసరికి అందరూ తలుపులు వేసుకునేవారు, వాళ్ళు తలుపులు తీసేసరికి అతను వెళ్ళిపోయేవాడు. పదకొండేళ్ళుగా కాపలా కాస్తున్నా అతనికి ఆ కాలనీలో మనుషుల కంటే కిటికీలే ఎక్కువ పరిచయం.

గంటకోసారి వీధి ఆ చివరిదాకా నడవాలి. ప్రతి గేటు ముందూ కర్రతో నేలమీద ఒక్క దెబ్బ కొట్టి ఈల వేయాలి. ఇది సెక్రటరీ గారు పెట్టిన రూలు. ఆ కాలనీలో రూలు లేనిది గాలి పీల్చుకోవడానికి మాత్రమే. గేటు రంగుకి రూలు, బట్టలు ఆరేసే తాడుకి రూలు, గుమ్మం ముందు చెప్పుల జతలు ఎన్ని ఉండాలో దానికీ రూలు. అన్నీ నీలం అట్ట పుస్తకంలో అచ్చువేసి ఇంటింటికీ పంచారు.

అందులో పదిహేడో రూలు — కోళ్ళూ మేకలూ ఏ జీవాన్నీ పెంచరాదు. ఇరవయ్యో నంబరులో బట్టలు కుట్టే ఆవిడ డాబామీద రెండు కోడిపెట్టల్ని పెంచుకుంటే, ఎనిమిది నెలల కిందట సంఘం వాళ్ళొచ్చి గోనెసంచిలో కుక్కి పట్టుకుపోయారు. ఆవిడ గేటుదాకా వెంటపడి బతిమాలింది. తెల్లారేసరికి సంచి ఖాళీ. ‘కుక్కలు ఎత్తుకుపోయినవి, సంఘానికి సంబంధం లేదు’ అని నోటీసు బోర్డుమీద కాగితం అంటించారు. ఆ సంచి పట్టుకోమంటే పట్టుకున్నది ఈలాయనే. లోపల అవి కొట్టుకోవడం చేతులకి తెలిసింది. చాలా రోజులు అతనికి అన్నం సయించలేదు.

నిట్టూర్పు మొదలైంది ఆ తరవాతే.

ఒక రాత్రి పద్నాలుగో నంబరు గేటు ముందు కర్ర కొట్టాడు. ఈల నోట్లో పెట్టుకోబోతున్నాడు... లోపల్నుంచి...

‘ఊఁ...ర్ర్ర్...’

సన్నగా, గొంతు దాటని మూలుగు. ఈలాయన ఈల దించాడు. భ్రమేమోనని మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే... ఈసారి కాస్త పొడుగ్గా. భయం వేసినప్పుడల్లా అతను కర్ర గట్టిగా కొట్టేవాడు. కొట్టినకొద్దీ లోపల్నుంచి జవాబు పెద్దదయ్యేది.

డ్యూటీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాశాడు. ‘పద్నాలుగు. నిట్టూర్పు. రెండుసార్లు.’ సెక్రటరీ గారు, కోశాధికారి గారు ఒక రాత్రి చెప్పులేసుకుని వచ్చి, చేతులు కట్టుకుని అరగంట నిలబడ్డారు. చీమ చిటుక్కుమనలేదు. వాళ్ళ చేతిలో కర్ర లేదు మరి. ఆ తేడా అప్పుడు ఎవరికీ తట్టలేదు. మర్నాటికి కాలనీ అంతా ఒకటే మాట — ఈలాయన తాగి డ్యూటీ చేస్తున్నాడు.

జన్మలో చుక్క ముట్టని మనిషి. ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది.

సెక్రటరీ గారు పొద్దున్నే వరండాలోకి పిలిపించారు. ఆయన ఉడికించిన గుడ్డు మధ్యకి కోసి, ఎర్రటి సొనమీద ఉప్పు చల్లుకుంటున్నారు.

“మనిషికి బలమైన తిండి ఉంటే ఇలాంటి భ్రమలు రావయ్యా. మా ఆవిడ ఎక్కడ తెస్తుందో కానీ, గుడ్డంటే ఇదీ,” అంటూ సగం ముక్క గాల్లో ఊపి చూపించారు. “సరే. మూడు రోజులు టైమిస్తున్నా. ఆ ఇంట్లో ఏముందో తేల్చు. లేదా తాగి రాశానని సంతకం పెట్టు. రెండూ కాదంటే కర్రా, ఈలా ఇక్కడ పెట్టేసి వెళ్ళిపో.”

ఈలాయన ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. భార్య ఇస్త్రీ చేస్తోంది. పెట్టె పక్కన పెట్టకుండానే అంతా వింది.

“నువ్వు తాగావా?”

“నీకు తెలీదా?”

“తెలుసు కాబట్టే సంతకం పెట్టావంటే ఊరుకోను. లోపలికెళ్ళి చూడు. దెయ్యం నీ ఉద్యోగం పీకదు కదా. పీకేవాడి ఎదటే నిలబడొచ్చావు, ఇక దెయ్యమెంత?” అంది.

ఆ మాట పట్టుకునే ఆ రాత్రి బయల్దేరాడు.

వెనకవైపు సందు. ఒక పక్క పద్నాలుగో నంబరు పెరటిగోడ, ఇంకో పక్క వడ్రంగి షెడ్డు. పగలంతా రంపం చెవులు చిల్లులు పడేలా మోగే ఆ సందు రాత్రిపూట పీనుగులా పడి ఉంటుంది. పెరటి తలుపుమీద చెయ్యి వేశాడు. తాళం ఉండాలి...

లేదు.

తలుపు తోస్తే చప్పుడు చెయ్యలేదు. ఎవరో బందులకి నూనె రాశారు. దెయ్యం తలుపులకి నూనె రాస్తుందా? ఆ ఆలోచన వచ్చినా నిలబడలేదు. కాళ్ళు వాటంతటవి లోపలికి నడుస్తున్నాయి.

పెరడు దాటాడు. వెనక గది తలుపు ఓరగా ఉంది. లోపల ఎండుగడ్డి వాసన, చెక్కపొట్టు వాసన... వాటి కింద ఇంకేదో వెచ్చటి వాసన. పదకొండేళ్ళుగా మనిషి లేని ఇంట్లో — వెచ్చదనం.

చీకటికి కళ్ళు అలవాటు పడ్డాయి. గది మూల...

తెల్లగా. వంగి ఉంది. నెమ్మదిగా ఊగుతోంది.

ఈలాయన టార్చి తీద్దామనుకున్నాడు. చెయ్యి రాలేదు. చెమటకి చేతిలో కర్ర జారింది... ఠప్పుమని నేలమీద పడింది.

‘ఊఁ...ర్ర్ర్... ఊఁ...ర్ర్ర్...’

ఒక్క చోట నుంచి కాదు. అటునుంచి, ఇటునుంచి, కాళ్ళ దగ్గర నుంచి.

తెల్లటి ఆకారం నిటారుగా లేచింది.

“కొట్టకు...”

ఈలాయనకి పై ప్రాణాలు పైనే పోయాయి.

“ఆ కర్ర... కొట్టకు. ఎన్ని రాత్రులు కొడతావు? పడుకున్నవాళ్ళని లేపుతున్నావు.”

“ఎ... ఎవరు... పడుకున్నవాళ్ళు?”

గరుకుగా, ఎముకలు తేలిన చెయ్యి ఒకటి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. కిందికి లాగింది. అతని వేళ్ళు ఏదో మెత్తటిదాన్ని తాకాయి. వెచ్చగా ఉంది. లోపల గుండె టకటకా కొట్టుకుంటోంది. ఆ కొట్టుకోవడం అతని చేతులకి తెలుసు. గోనెసంచిలోంచి తెలిసింది.

“కోడి...” అన్నాడు.

“కోడే. మరేమనుకున్నావు?”

ఈలాయన నిలబడ్డచోటే చతికిలబడ్డాడు. కాసేపటికి ముఖాన చెమట తుడుచుకుని టార్చి తీయబోయాడు.

“దీపం వెయ్యకు. వీటికి తెల్లారిందనిపిస్తుంది. నన్నూ చూడకు. ఎవరని అడక్కు. నీకు తెలిస్తే నువ్వు అబద్ధం ఆడాల్సి వస్తుంది. తెలియకపోతే నిజమే చెప్పొచ్చు,” అంది ఆ తెల్లటి శాలువా. ముసలి గొంతు. కానీ వణుకు లేదు.

ఐదు పెట్టలట. ఒక పుంజు. “కోడిపిల్లలు అమ్మేవాడు అన్నీ పెట్టలే అని చెప్పి అంటగట్టాడు. నా కళ్ళు మసకలు, నేనూ నమ్మాను. పెరిగాక చూస్తే ఒకటి పుంజయి కూర్చుంది. ఇప్పుడు దీన్నేం చెయ్యను? కొయ్యనా? నా చేతుల్లో పెరిగింది.” అందుకే రాత్రిపూట పుంజుని ఒక పొట్టి చెక్కపెట్టెలో ఉంచుతుందట. మెడ నిటారుగా ఎత్తితేనే పుంజు కుయ్యగలదు. తల పైకెత్తే చోటు లేకపోతే కూత గొంతులోనే ఆగిపోతుంది. పెట్టలు పగలు గుడ్డు పెట్టి ఎంత గోల చేసినా వడ్రంగి రంపం ముందు ఎవరికీ వినపడదు. రాత్రి మాత్రం కర్ర దెబ్బకి నేల అదిరితే నిద్రలో మూలుగుతాయి.

“పట్టుబడితే ఏం చేస్తారో తెలుసా పెద్దమ్మా? సంచిలో వేస్తారు,” అన్నాడు ఈలాయన.

“తెలుసు. బాగా తెలుసు.”

“మరి మానెయ్యొచ్చుగా?”

చీకట్లో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించింది.

“మా ఇంట్లో నాకొక కుర్చీ ఉంది నాయనా. దాన్ని ఎక్కడ వెయ్యాలో కూడా రూలే. దానిమీద నేను, నామీద దుప్పటి. ఇక్కడికొస్తే ఆరు ప్రాణాలు నాకోసం చూస్తాయి. నేను మానను. నువ్వు చెప్పేది చెప్పుకో, నీ ఉద్యోగం నీది. నేను మాత్రం మానను.”

వెళ్తుంటే అతని చేతిలో ఒక గుడ్డు పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. ఆ పొద్దున ఈలాయన భార్య దాన్ని ఉడికించి కోసి, “ఇంత ఎర్రటి సొన చూసి ఎన్నేళ్ళయిందో,” అంది. అతను జరిగింది చెప్పాడు. ఆమె తన సగం తినేసి, “ఆ సంచి ఇంకోసారి పట్టుకున్నావంటే నా గడప తొక్కకు,” అంది.

అతనూ అదే అనుకున్నాడు. ఆ తరవాతి రాత్రి పద్నాలుగో నంబరు ముందు కర్ర చంకలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు.

మూడోరోజు వరండాలో నిలబడ్డాడు.

“తేల్చావా?” అన్నారు సెక్రటరీ గారు.

“తేల్చాను సార్. దెయ్యమే.”

“చూశావా?”

“తెల్లగా ఉంది సార్. మాట్లాడింది కూడా.”

“ఏమంది?”

“పడుకున్నవాళ్ళని లేపొద్దంది.”

సెక్రటరీ గారి ముఖం ఎర్రబడింది. “ఈ రాత్రి నేనే వస్తాను. నువ్వూ రా. అక్కడ ఏమీ లేదని నీ చేతే రాయించి మరీ పంపిస్తాను.”

ఈలాయన వరండా మెట్లు దిగాడు. ఆవిడకి చెప్పాలి. కానీ ఎవరికని చెప్పడం? ఏ ఇల్లు, ఏ గుమ్మం? అడగొద్దన్నందుకు అడగలేదు. సాయంత్రం కాలనీ అంతా రెండుసార్లు తిరిగాడు. ఏ ముసలావిడ కనిపించినా ముఖంలోకి చూశాడు. ఒకావిడ తలుపు వేసేసుకుంది కూడా.

ఒంటిగంటకి సెక్రటరీ గారు పెద్ద టార్చితో వచ్చారు. ఆయన పక్క జేబులో నీలం పుస్తకం ఉంది. “తాళంచెవులు చెక్కకి లేవయ్యా. ఎక్కడ పెట్టానో ఏమో,” అని విసుక్కుంటూ వెనక సందువైపు దారితీశారు.

ఈలాయన గేటు ముందు ఆగాడు. ఆవిడకి అందేలా చెప్పడానికి అతని దగ్గర ఉన్నది ఒక్కటే. కర్ర ఎత్తి నేలమీద బలంకొద్దీ మూడుసార్లు కొట్టాడు.

‘ఊఁ...ర్ర్ర్...’

సెక్రటరీ గారు వేస్తున్న అడుగు మధ్యలోనే ఆగిపోయారు.

“అది... ఏమిటది?”

“నిట్టూర్పు సార్. పుస్తకంలో రాశాను. మీరు ఎర్రసిరాతో కొట్టేశారు. వెళ్ళిపోదామా?”

వెళ్ళిపోదామనే ఆయనకీ ఉంది. కానీ కాపలావాడి ముందు చులకనైపోతారు. టార్చి గట్టిగా పట్టుకుని పెరటి తలుపు తోశారు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. గదిలోకి అడుగుపెట్టారు. కాలికి ఏదో చెక్క తగిలింది. వంగి, మూత ఎత్తి, టార్చి వేశారు.

పెట్టెలోంచి రెండు ఎర్రటి కళ్ళు ఆయన్ని చూశాయి. ఆ వెలుగులోకి ఏదో నిలువునా లేచింది. నెలల తరబడి దాచుకున్న గొంతు ఒక్కసారి విప్పింది—

“కొక్కొరొకో...!”

కాలనీ మొత్తం దద్దరిల్లింది. సెక్రటరీ గారు వెల్లకిలా పడ్డారు. పెట్టలన్నీ రెక్కలు కొట్టుకుంటూ లేచాయి. ఆ ఈకల మధ్యలో, గది మూల నుంచి, తెల్లటి ఆకారం ఆయన మీదికి నడిచి వచ్చింది.

“ఒరేయ్, ముందు ఆ టార్చి ఆర్పు. అది తెల్లారిందనుకుంటోంది.”

సెక్రటరీ గారు పడ్డచోటినుంచే తల ఎత్తారు.

“...అమ్మా?”

ఈలాయన గోడ పట్టుకున్నాడు. టార్చి వెలుగులో మొదటిసారి చూశాడామెని. ఎనభైకి దగ్గర పడిన మనిషి, బక్కపలచగా, శాలువా కొంగున తాళంచెవులు ముడివేసుకుని.

“అమ్మనే. కర్ర మూడుసార్లు మోగితే తెలిసింది ఎవరో వస్తున్నారని. పెరటి తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చాను. వీటిని వదిలిపెట్టి నేనొక్కదాన్నే ఎలా పోతాను? ఏ రూలురా ఇది?”

ఆయన చెయ్యి అలవాటుగా జేబుమీదికి పోయింది. “ప... పదిహేడు.”

“రాసుకో. నా పేరు రాసుకో, వయసు రాసుకో. ఆ కుట్టుపనావిడ కోళ్ళని మన పెరట్లోనే కదా సంచితో పడేశావు? రాత్రి మూతి విప్పి ఆ రెంటినీ ఇక్కడికి తెచ్చింది నేనే. కుక్కలు ఎత్తుకుపోయాయని బోర్డుమీద పెట్టావు. ఆ కుక్కని నేనే. అదీ రాసుకో.”

“అమ్మా, నలుగురికీ తెలిస్తే నా పరువు...”

“ఎనిమిది నెలలుగా పొద్దున్నే ఎర్రటి సొనని ఊరంతటికీ చూపించి మరీ తింటున్నావు. ఎక్కడివనుకున్నావు ఆ గుడ్లు? నీ పెళ్ళానికి తెలుసు. తాళంచెవులు నాకు అందిస్తున్నది అదే. సంచి తెప్పించుకో. ముందు నన్ను వేసి, తరవాత వీటిని వెయ్యి.”

సెక్రటరీ గారు ఈలాయనవైపు చూశారు. ఈలాయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“నేను సంచి పట్టను సార్. కర్రా, ఈలా కావాలంటే ఇప్పుడే తీసుకోండి,” అన్నాడు. ఆ మాట అన్నాక అతనికి గుండె తేలికపడింది.

బయట ఒక్కో ఇంట్లో దీపాలు వెలిగాయి. ఎవరూ తలుపు తీయలేదు. వెలిగిన దీపాలు మళ్ళీ ఒక్కొక్కటే ఆరిపోయాయి. అప్పుడు సెక్రటరీ గారి జేబులో ఫోను మోగింది. అవతల కోశాధికారి గారు. ఆయన వణుకు గది మూలదాకా వినిపిస్తోంది.

“విన్నారా సార్? పద్నాలుగు లోంచి... కోడి కూసింది...”

సెక్రటరీ గారు నేలమీద కూర్చునే ఉన్నారు. ఎదురుగా తల్లి. ఆవిడ చంకలో పుంజు. ఆవిడ కళ్ళు రెప్ప వెయ్యడం లేదు.

“విన్నాను,” అన్నారు. “కోడి ఎలా అవుతుందండీ? మన కాలనీలో కోళ్ళు నిషేధం కదా. కోడి అయ్యే అవకాశమే లేదు. మీరు... తలుపులు వేసుకుని పడుకోండి. అటువైపు ఎవర్నీ రానివ్వకండి.”

మర్నాడు నోటీసు బోర్డుమీద కొత్త కాగితం పడింది. పద్నాలుగో నంబరు ఇంటి సమీపానికి ఎవరూ వెళ్ళరాదు, ఇట్లు, సెక్రటరీ. ఈలాయన డ్యూటీ పుస్తకంలో ఎర్రసిరాతో కొట్టేసిన చోటల్లా ఆయనే మళ్ళీ ‘సరి’ అని రాసి సంతకం పెట్టారు. ఇరవయ్యో నంబరు గుమ్మం ముందు వారానికోసారి నాలుగు గుడ్లు ఎవరు పెట్టిపోతున్నారో ఆ కుట్టుపనావిడకి ఇప్పటికీ తెలియదంటారు. పుంజుకిక చెక్కపెట్టె అక్కర్లేకపోయింది. రోజూ తెల్లవారుజామున అది గొంతెత్తి కూస్తుంది. కాలనీవాళ్ళు ఉలిక్కిపడి, దుప్పటి ముఖంమీదికి లాక్కుని, అటు తిరిగి పడుకుంటారు.

ఈలాయన మాత్రం రోజూ రాస్తున్నాడు. ‘పద్నాలుగు. దెయ్యం క్షేమం.’

ఒక రాత్రి కొత్త గడ్డి మోపు మోసుకుని ఆ పెరట్లోకి వెళ్ళాడు. దించి, నడుం నిమురుకుంటూ పైకి చూశాడు. నీలం కిటికీ బార్లా తెరిచి ఉంది.

“పెద్దమ్మా, ఆ కిటికీ గాలి కోసం తీస్తారా మీరు?”

“నా మోకాళ్ళతో మేడ మెట్లెక్కడం ఎక్కడ నాయనా? ఒక్కసారి కూడా ఎక్కలేదు.”

ఈలాయన మళ్ళీ పైకి చూశాడు.

కిటికీ... మూసి ఉంది.

కర్ర అతని చేతిలోంచి జారబోయింది. ఆవిడ చప్పున పట్టుకుని, చప్పుడు కాకుండా గోడకి ఆనించింది. తరవాత ఒక పెట్టని ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా వీపు నిమిరింది.

“ఆవిడ పైన, మేం కింద. ఎనిమిది నెలలు దాటింది,” అంది. “ఇంతవరకు ఒక్క రూలు కూడా పెట్టలేదు.”